ఇగత్‌పురిలో పది రోజులు

మన్మాడు దాటి మా రైలు ఇగత్‌పురి చేరేసరికి కొండల మీద ముసురు పట్టి ఉన్నది. స్టేషను నుండి ధమ్మగిరికి నడిచి వెళ్ళవచ్చును గాని, నా మోకాళ్ళు ఒప్పుకోక ఆటో ఎక్కాము.

ఆఫీసులో సెల్‌ఫోనులు అప్పగించగానే ఆడవారినీ మగవారినీ వేరు చేశారు. "మందులు మరిచిపోకండి" అన్నది మా ఆవిడ. అదే ఆఖరి మాట. ఇక పదవ రోజు దాకా మౌనం.

1976 నుండి శిబిరాలు జరుగుతున్న ఈ కేంద్రానికి మూలపురుషులు సత్యనారాయణ గోయెంకాగారు (1924–2013). ఆయన గృహస్థులు. ఆయన గురువు ఊ బా ఖిన్‌గారు బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్, ఆయనా సంసారే. సంసారులు సంసారులకు నేర్పే విద్యలో బ్రహ్మచర్యం దేనికండీ? బౌద్ధ గృహస్థుకు పంచశీలాలలో మూడవది తప్పునడత కూడదనే చెబుతుంది. శిబిరంలో కూర్చున్నన్నాళ్ళు మాత్రం అది పూర్తి బ్రహ్మచర్యం. భిక్షువులకు ఎల్లకాలమూ అంతే.

తెల్లవారుజామున నాలుగింటికి గంట. మొదటి మూడు రోజులూ ముక్కుపుటాల దగ్గర శ్వాసను గమనించటమే పని. ఇదెంత అనుకున్నాను. రెండవనాడు హాలులో ఆడవారి వైపు నుంచి దగ్గు వినిపించింది. మా ఆవిడదే! ఇంకేముంది? జలుబు చేసిందేమో, నిన్న వానలో తడిసిందేమో, అసలు నా మీద కోపం తగ్గిందో లేదో... అబ్బాయి పెళ్ళి విషయమై రెండు నెలలుగా మాకు పడటం లేదు లెండి. ఓరగా చూశాను. కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నది. జారిపోయిన నా శ్వాస మళ్ళీ దొరికేసరికి అరగంట పట్టింది.

ధ్యానానికి అడ్డుతెరలు అయిదనీ, వాటిలో కామం మొదటిదనీ బుద్ధుడు చెప్పాడు. లక్కో పసుపో కలిసిన నీళ్ళలో ముఖం కనబడదని దానికి పోలిక. నాది కామమా, ఆదుర్దాయా అని తర్కించుకున్నాను. పేరేదైతేనేం, మనసు ఒక మనిషి చుట్టూ గిరగిరా తిరుగుతున్నది. ఇన్నేళ్ళ కాపురం తరువాత ఒక్క దగ్గుకే నీళ్ళు ఇంత రంగు తేలితే, పడుచువాళ్ళ సంగతి చెప్పాలా? దూరంగా ఉంచటంలోని కిటుకు అప్పుడు తెలిసింది. ఆరో రోజుకు దగ్గు వినబడినా శ్వాస జారలేదు. అయ్యో, ఇదేమిటని కొంచెం దిగులు కూడా వేసింది సుమండీ!

పదవ రోజున మౌనం విప్పారు. మాట్లాడవచ్చును, తాకరాదు. మా ఆవిడ రెండు మూరల దూరంలో నిలబడి, "అబ్బాయి ఇష్టమేమిటో మనం ఒక్కసారైనా అడిగామంటారా?" అన్నది.

అడగలేదన్నాను.