మనోళ్లు

2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచిన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ మరుసటేడే జోహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్ ఆడింది. మొదటి ఓవర్లోనే కుంబ్లే బంతికి గిల్‌క్రిస్ట్ డకౌట్. త్రిపురాంతకంలో టీవీ ముందున్న మాకు గుండె గుభేల్‌మంది. గిబ్స్ 53 కొట్టి చివరిదాకా నిలబడ్డాడు. ఆఖరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి. ఆర్పీ సింగ్ ఇవ్వలేదు. ఆరు పరుగులతో కప్పు మనదే!

2010లో తెలంగాణ ఉద్యమం వేడికి సొంతగడ్డ మ్యాచ్‌లు నాగపూర్, కటక్ వెళ్లాయి. 2012లో జట్టే లేకుండా పోయింది. దాని స్థానంలో సన్‌రైజర్స్ వచ్చింది, 2016లో కప్పు గెలిచింది. ఈలోగా రాష్ట్రం విడిపోయి హైదరాబాద్ పక్క రాష్ట్రానిదైంది. అయినా మార్కాపురం సెలూన్లో ఇప్పటికీ "మనోళ్లు ఎంత కొట్టారన్నా?" అనే అడుగుతారు. నేనూ సన్‌రైజర్స్‌కే అరుస్తాను, మనస్ఫూర్తిగా. జెర్సీ మీద హైదరాబాద్ పేరున్నంత కాలం మరో జట్టు వైపు చూడను.