వాడికి చెప్పకుండా వాడికోసం

శ్రీనగర్ కాలనీ హైదరాబాద్‌లో ఒక పేటే కావచ్చు, సినిమావాళ్ల వరకు మాత్రం అది ఒక చిన్న ఊరు. అటు అమీర్‌పేట వైపు సారథి స్టూడియో, ఇటు బంజారాహిల్స్ వైపు అన్నపూర్ణ స్టూడియో, పక్కనే కృష్ణానగర్ గదులు, ఇంకాస్త పైకి వెళ్తే ఫిల్మ్‌నగర్‌లో ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో. పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చాక ఆఫీసులు, గెస్ట్‌హౌస్‌లు, కథా చర్చలు జరిగే ఫ్లాట్లు చాలావరకు ఈ చుట్టుపక్కలే చేరాయి. పొద్దున ఏదో ఆఫీసులో సినిమా ఆగిపోతే మధ్యాహ్నానికల్లా ఆ కబురు టీకొట్టు దాకా వస్తుంది. ఎవరికి అడ్వాన్స్ అందింది, ఎవరి చెక్కు తిరిగొచ్చింది, ఎవరింట్లో మొగుడూ పెళ్లాలకు పడటం లేదు, అన్నీ అందరికీ తెలుసు. ఇలాంటి చోట స్నేహితులు ఒకరి విషయాల్లో ఒకరు కలగజేసుకోకుండా ఉండలేరు. వాళ్లలో చెడు తలపెట్టేవాళ్లు తక్కువ, నిజంగా మేలు చేద్దామనుకునేవాళ్లే ఎక్కువ. వాళ్ల మనసును నేను తప్పుపట్టడం లేదు. స్నేహితుడి మేలు కోరి అతడికి తెలియకుండా చేసే పని చాలాసార్లు అతడికే చేటవుతుందని, అందరూ అందరికీ తెలిసిన చోట ఆ చేటు రెట్టింపవుతుందని మాత్రమే అంటున్నాను.

సినిమాలో పని నోటిమాట మీద నడుస్తుంది. అసిస్టెంట్ డైరెక్టర్ ఉద్యోగానికి ప్రకటన పడదు, పరీక్ష ఉండదు. ‘ఫలానా కుర్రాడు పనిమంతుడు’ అని ఒక కో-డైరెక్టర్ అంటే మేనేజర్ ఫోన్ చేస్తాడు, అంతే. కృష్ణానగర్ గదిలో ఉండే ఒక కుర్రాడికి రెండు నెలల అద్దె బాకీ పడిందనుకుందాం. అతడి రూమ్మేట్ మనసున్నవాడు. మేనేజర్‌ని పక్కకి తీసుకెళ్లి, ‘అన్నా, వాడి పరిస్థితి అస్సలు బాలేదు. ఊళ్లో వాళ్ల నాన్నకి ఒంట్లో బాగోలేదు, రాత్రుళ్లు నిద్ర కూడా పోవట్లేదు. ఏదన్నా చూడన్నా’ అంటాడు. మేనేజర్ కూడా మంచివాడే, అయ్యో పాపం అనుకుంటాడు. కానీ ఔట్‌డోర్ షెడ్యూల్‌కి మనుషుల్ని వేసేటప్పుడు అతడికి గుర్తొచ్చేది కుర్రాడి పనితనం కాదు, వాళ్ల నాన్న జబ్బు. షెడ్యూల్ మధ్యలో ఊరెళ్లిపోతే ఎలా అనుకుని ఇంకొకరిని పిలుస్తాడు. తనకు ఫోన్ ఎందుకు రాలేదో కుర్రాడికి ఎప్పటికీ తెలియదు. రూమ్మేట్‌కీ తెలియదు, చేయాల్సిన సాయం చేశాననే అనుకుంటాడు. ఒకరి నోట జాలిగా బయల్దేరిన మాట ఇంకొకరి చెవికి చేరేసరికి ఉత్త సమాచారం అయిపోతుంది. దాన్ని ఎవరు ఎలా వాడుకుంటారన్నది మొదట చెప్పినవాడి చేతిలో ఉండదు. పైగా మేనేజర్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి, ఒక ఆఫీసులో పడిన ముద్ర పక్క ఆఫీసు దాకా వస్తుంది. కథల విషయంలోనూ ఇంతే. ‘సెకండాఫ్ తేలిపోయింది, వాడు చెప్పుకోలేడు, మనమే నిర్మాత చెవిన వేద్దాం’ అని దర్శకుడి స్నేహితులు పూనుకుంటే, నిర్మాతకు కథ మీద సందేహం పుట్టదు, దర్శకుడి మీద పుడుతుంది.

ఈ సంగతి మన సాహిత్యం ఏనాడో కనిపెట్టింది. 1892లో మొదటిసారి ఆడి, 1909లో ఇప్పుడు మనం చదువుకుంటున్న రూపానికి వచ్చిన గురజాడ ‘కన్యాశుల్కం’లో కథంతా నడిపించేది ఇలాంటి మంచి ఉద్దేశమే. కరటకశాస్త్రి చెల్లెలు తన కూతురి పెళ్లి తలుచుకుని నూతిలో దూకింది. ముసలి లుబ్ధావధాన్లుకు ఆ పసిపిల్లనివ్వకుండా ఆపాలని శాస్త్రి పూనుకున్నాడు. అంతకన్నా మంచి పని ఏముంటుంది? ఎదురుగా నిలబడి ఆపలేక, శిష్యుడికి ఆడవేషం వేసి, పెళ్లికూతురని చెప్పి ముసలాయనకే కట్టబెట్టాడు. ఆ ‘పిల్ల’ మాయమైపోయేసరికి లుబ్ధావధాన్లు నెత్తిన హత్యానేరం పడింది. తర్వాత వకీలు సౌజన్యారావు పంతులు, వేశ్య మధురవాణి పూనుకుంటే గాని ఆ చిక్కు వీడలేదు. గురజాడ కరటకశాస్త్రిని దుర్మార్గుడిగా చిత్రించలేదు, కానీ అతడి ఉపాయం ఖరీదు ఎవరి మీద పడిందో దాచనూ లేదు. సినిమా మాత్రం ఇలాంటి నాటకాలను ముద్దు చేసింది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో పెంకిపిల్ల సరోజను మార్చడానికి భర్త పేదవాడిగా నటిస్తాడు. ఆమె పుట్టిల్లు వదిలి తోటలో కూలిపని చేస్తుంది. మనం హాయిగా నవ్వుకుంటాం, నాకూ ఆ సినిమా ప్రాణం. అయితే అక్కడ అన్నీ చక్కబడటానికి కారణం ముగింపు ముందే రాసిపెట్టి ఉండటం. బయట అలా రాసిపెట్టేవాళ్లు లేరు. ‘నీ మంచికే అబద్ధం చెప్పాం’ అని తెలిసిన రోజున సరోజ లాంటి మనిషి నవ్వేసి ఊరుకుంటుందని నేను నమ్మను.

మరి మధ్యవర్తులు లేకుండా ఈ పరిశ్రమ ఒక్కరోజైనా నడుస్తుందా అని అడిగేవాళ్లుంటారు. నడవదు. దర్శకుడు దాసరి నారాయణరావు 2017 మే 30న కన్నుమూసేదాకా ఎందరి తగాదాలో ఆయన గడప ఎక్కాయి. కార్మికుడి బకాయి దగ్గర్నుంచి నిర్మాతల గొడవ దాకా ఆయన తీర్చేవారు. కానీ ఆ తగాదా ఉన్నవాళ్లే తమ కాళ్ల మీద ఆయన దగ్గరికి నడిచి వెళ్లారన్నది మరిచిపోకూడదు. ఎదురుగా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే తీర్పుకీ, వెనకాల చెవిలో ఊదే సలహాకీ పోలికే లేదు. ఆయన తర్వాత పెద్దదిక్కు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు, 2022 జనవరిలో చిరంజీవి ఆ పెద్దరికం తనకు వద్దన్నారు. అవసరమైనప్పుడు ముందుంటానని, ఇద్దరు కొట్టుకుంటుంటే పంచాయితీకి మాత్రం రానని చెప్పారు. కొందరు దాన్ని తప్పించుకోవడం అన్నారు. నాకు అందులో వివేకమే కనిపించింది. తన హద్దు తానే గీసుకుని, అందరి ముందూ చెప్పినవాడి సాయం మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. అభిమానవంతుణ్ని ‘సాయం కావాలా’ అని అడిగితే వద్దంటాడు. మన మొహమాటం అలాంటిది. అందుకే చెప్పకుండా చేస్తున్నాం అంటారు. నిజమే, పస్తులుండి కూడా భోంచేశానని చెప్పే జూనియర్ ఆర్టిస్టులు ఉంటారు. కానీ దానికి విరుగుడు చాటుమాటు వ్యవహారం కాదు. 2020లో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోయినప్పుడు కరోనా క్రైసిస్ చారిటీ పెట్టి సినీ కార్మికుల ఇళ్లకు నిత్యావసర సరుకులు పంపారు. అది కార్మికులందరికోసం పెట్టిన సాయం. ఎవరి కష్టం ఎంతటిదో ఇంకొకరికి విప్పి చెప్పాల్సిన పని లేకుండా పోయింది. తీసుకున్నవాడు తల దించుకోనక్కర్లేదు, వద్దనుకున్నవాడు పక్కవాడికి ఇచ్చేయొచ్చు. ఒక్క మనిషికి చేసే సాయంలో కూడా ఈ పద్ధతి కుదురుతుంది. ‘మేనేజర్‌తో నీ పని గురించి మాట్లాడమంటావా? ఇంటి సంగతి ఎత్తను’ అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? వద్దన్నాడంటే అతడికి తెలిసిన కారణం ఏదో ఉండి ఉంటుంది.

ఇక చివరి అభ్యంతరం దగ్గర నేను తడబడకుండా మాట్లాడలేను. ‘చిత్రం’, ‘నువ్వు నేను’, ‘మనసంతా నువ్వే’ సినిమాలతో ఇంటింటికీ తెలిసిన నటుడు ఉదయ్ కిరణ్ 2014 జనవరి 5న ఇదే శ్రీనగర్ కాలనీలోని తన ఫ్లాట్‌లో ప్రాణం తీసుకున్నాడు. అతడి మనసులో ఏముందో ఊహించే హక్కు ఎవరికీ లేదు, నేనూ ఊహించను. కానీ ఏ ఊళ్లోనైనా ఇలాంటి చావు తర్వాత ‘ఎవరైనా కలగజేసుకుని ఉండాల్సింది’ అనే మాట వస్తుంది. ఆ బాధ న్యాయమైనది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అనుమతి కోసం ఆగమని నేను చెప్పను. తలుపు తట్టాలి, పక్కన కూర్చోవాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కానీ చూడండి, ఇవన్నీ ఆ మనిషి దగ్గరికే వెళ్లి చేసే పనులు. మనం అలవాటుగా చేసేది వేరు. ‘వాడు డల్‌గా ఉన్నాడట’ అని పదిమందితో అంటాం, వేషం ఇప్పిద్దామని ఇద్దరితో మాట్లాడతాం, అతడితో తప్ప అందరితోనూ మాట్లాడతాం. దానితో ఊరంతా జాలిపడుతుంది, గదిలో మనిషి మాత్రం ఒంటరిగానే ఉంటాడు.

మీకు తెలిసినవాళ్లలో ఎవరి గురించైనా ఈ వారం ఇంకొకరితో జాలిగా మాట్లాడి ఉంటే, ఇవాళ ఆ మనిషికే ఫోన్ చేయండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే, తిన్నావా అని అడిగినా చాలు. అతడి మాటల్లో బతుకు మీద విరక్తి వినిపిస్తే మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళలోనైనా పనిచేస్తుంది, డబ్బులు పడవు.