ఫొటో వెనక మూడు ముక్కలు

మన ఇళ్ళల్లో ఫొటో ఏనాడూ మాట తోడు లేకుండా బతకలేదు. పెళ్ళిచూపులకి ముందు పంపే ఫొటో సంగతే చూడండి. స్టూడియోలో పూలకుండీ పక్కన, భుజాల చుట్టూ కొంగు కప్పుకుని, నవ్వాలో మానాలో తెలియని మొహంతో నిలబడ్డ నలుపు తెలుపు పిల్ల. అట్ట తిరగేస్తే పేరు, నక్షత్రం, గోత్రం, ఎత్తు, చదువు! నలుపు తెలుపులో ఛాయ తెలియదు గనక "మంచి రంగు" అని ఇంకో ముక్క. ఫొటో చెప్పలేనిదే మాట చెప్పాలన్న సూత్రం మన పెద్దవాళ్ళకి అప్పుడే తెలుసన్నమాట.

ఇదంతా ఎందుకంటే, మా మరిది కూతురికి ఈమధ్య ఒక కొత్త సరదా పట్టుకుంది. దిగులుగా, మబ్బుగా ఉండే ఒక నలుపు తెలుపు ఫొటో వెతకడం, దాని కింద ఒక హైకూ రాయడం. "పెద్దమ్మా, మూడే లైన్లు. నువ్వూ రాయకూడదూ?" అంటుంది. మూడు లైన్లే కదా అని చులకన చెయ్యకండి. మూడు పేజీల ఉత్తరం గంటలో రాసేస్తాం. మూడు లైన్లకి మూడురోజులు పడుతుంది.

హైకూ జపానువాళ్ళది. అయిదు, ఏడు, అయిదు చొప్పున మొత్తం పదిహేడు మాత్రలు. అందులో ఋతువుని తెలిపే మాట ఒకటి ఉండాలని ఆచారం. పాత చెరువులోకి కప్ప దూకిన చప్పుడుని 1686లో బషో అనే ఆయన పద్యం చేస్తే, లోకం ఇవాళ్టికీ ఆ చప్పుడు వింటూనే ఉంది. ఆ తరువాత వచ్చిన బుసోన్ (1716–1784) కవీ, చిత్రకారుడూ కూడా. బొమ్మ పక్కనే హైకూ రాసే పద్ధతిని వాళ్ళు హైగా అంటారు. మా పిల్ల చేస్తున్నది అదే, కుంచె బదులు కెమెరా, అంతే. 1916లో జపాను వెళ్ళిన టాగోరు ఈ బుల్లి పద్యాలు చూసి ముచ్చటపడి తన యాత్రా పుస్తకంలో రాశారు. మన తెలుగులో కాకినాడ ఇస్మాయిల్‌గారు (1928–2003) తన హైకూల పుస్తకానికి 'కప్పల నిశ్శబ్దం' అని పేరు పెట్టారు. బషో కప్పకి గోదావరి జిల్లా కప్ప జవాబు చెప్పినట్టు లేదూ!

మా విశాఖపట్నానికీ జపానుకీ పాత బాకీ ఒకటుంది లెండి. బైలదిలా కొండల ఇనుపరాయిని దింపడానికి 1960ల్లో జపాను సాయంతోనే కిరండూల్ నించి కొత్తవలస దాకా రైలుమార్గం వేశారు. ఆ రాయి మా రేవులో ఓడలెక్కి జపాను వెళ్ళేది. పెద్ద పెద్ద ఓడలు నిలవడానికని 1976లో ఔటర్ హార్బరు కూడా తెరిచారు. 1971లో శంకుస్థాపన జరిగిన మా ఉక్కు కర్మాగారం ఇంకా ఆ రాయి దగ్గరే ఆగి ఉన్న రోజుల్లో, మన ఇనుము వాళ్ళ దేశంలో ఉక్కయిపోతూ ఉండేది. అన్ని టన్నులు పట్టుకెళ్ళినవాళ్ళు మనకి మూడు ముక్కల పద్యం ఇవ్వడంలో తప్పేముంది?

సరే, పిల్ల ఫొటోకోసం వెతుకుతూ మా పాత ఆల్బం తీసింది. అందులోంచి పట్టుకొచ్చింది మా అత్తగారి ఫొటో. 1978లో మా మరిది ఆగ్ఫా క్లిక్ త్రీతో తీశాడు. రీలుకి పన్నెండే ఫొటోలు. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ దాచుకుని దాచుకుని తీసేవాళ్ళం. ఆ పన్నెండోది మిగిలితే, రీలు కడిగించెయ్యాలన్న తొందరలో డాబా మీద ఉన్న అత్తగారిని తీసేశాడు. ఆవిడకి మనుషుల గుంపులో కాకుండా విడిగా ఉన్న ఫొటో అదొక్కటే.

పాత ఊళ్ళో మా డాబా. వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, కొండమీద లైట్‌హౌసు, ఆకాశం నిండా నల్లమబ్బు. తెల్లచీరలో ఆవిడ సముద్రంవైపు తిరిగి నిలబడ్డారు. పిల్ల మురిసిపోయి రాసేసింది: "నల్లని కడలి, ఎదురుచూసే కళ్ళు, తీరని వేదన."

"బాగుందా పెద్దమ్మా?"

"కడలీ కళ్ళూ ఫొటోలో కనిపిస్తూనే ఉన్నాయి కదమ్మా. వేదన అని నువ్వు చెప్పేస్తే ఇంక చూసేవాళ్ళకి పనేముంది?" అన్నాను.

ఆ పూట సంగతి నాకు తెలుసు. అత్తగారు బూడిదగుమ్మడి వడియాలు పెట్టారు. వాయుగుండం పట్టింది, రేవులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని రేడియో చెప్పింది. వడియాలు తడుస్తాయని పరుగున డాబా ఎక్కారు. అదీ అక్కడ నిలబడ్డ కారణం. అయితే అదొక్కటే కారణమా అంటే, కాదు. అప్పుడు మావారు సరుకుల ఓడమీద ఇంజను రూములో పని. ఏడాదికోసారి ఇంటికొస్తే గొప్ప. ఉత్తరం చేరేసరికి ఓడ మరో రేవులో ఉండేది. అత్తగారు దిగులుపడ్డం నేనెప్పుడూ చూడలేదు. చూసిందల్లా ఒక్కటే. వడియాలు ఎండగానే రెండు గుప్పెళ్ళు విడిగా తీసి ఒక రేకుడబ్బాలో పోసేవారు. ఛానల్లోకి ఓడ వస్తూ కూత పెడితే ఆ డబ్బా దింపి, మూత తీసి, బూజు పట్టిందేమో చూసేవారు. సాయంత్రం దాకా వీధి తలుపు చప్పుడు కాకపోతే మళ్ళీ మూత బిగించి అటకమీద పెట్టేవారు. ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఫొటోలో కూత వినబడదు. డబ్బా కనబడదు. మరి రాయవలసింది అవే కదా! మూడోరోజుకి ఇలా కుదిరింది:

ఓడ కూత
వడియాల డబ్బాకి
మళ్ళీ మూత

పిల్ల వేళ్ళమీద లెక్కపెట్టి, "పదిహేను అక్షరాలే వచ్చాయి. ఇంకో రెండు కావాలి" అంది.

"ఆ రెండూ మీ నాయనమ్మ డబ్బాలో దాచిందనుకో" అన్నాను.

పేపరు చదువుకుంటున్న మావారికి చూపించింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. "ఏం డబ్బా?" అన్నారు. చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా, "నేనెప్పుడొచ్చినా విస్తట్లో వడియాలుండేవి. ఇంట్లో రోజూ వేయించుకుంటున్నారు కాబోలనుకునేవాణ్ణి" అన్నారు.

అత్తగారు పోయి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఏటా తిథినాడు ఆయన ఏదీ తక్కువ చెయ్యరు. అయినా తల్లి తనకోసం ఏం దాచిందో ఆ కొడుక్కి తెలియడానికి ఇన్నాళ్ళు పట్టింది. నాకేమో అది పెద్ద విషయమని తోచక చెప్పనేలేదు. వంటింటి సంగతులు ఎవరు ఎవరికి చెప్పుకుంటారు చెప్పండి? ఫొటో చూసినవాళ్ళందరూ ఆ మబ్బునీ, ఆ కొండనీ మెచ్చుకున్నారు. డబ్బా సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. నాతో పాటు అదీ పోవలసిందే.

అందుకే చెబుతున్నాను, మీ ఇంట్లోనూ అట్టపెట్టెలో అలాంటి ఫొటోలుంటాయి. మన మనవలకి వాటిలో ఎవరెవరో కూడా తెలియదు. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని బయటికి తీయండి. ఒక్కొక్కదానికీ అందులో కనపడనిది ఏదైనా ఒకటి, ఒక చప్పుడో, ఒక వాసనో, చీర రంగో, గుర్తుచేసుకుని మూడు ముక్కలు రాయండి. పదిహేడు లెక్క కుదరకపోతే జపానువాళ్ళేమీ దెబ్బలాటకి రారు. ప్రేమ, త్యాగం, మమత లాంటి పెద్దమాటలు మాత్రం వెయ్యకండి. డబ్బా అంటే చాలు, మిగతాది చదివినవాళ్ళే తెలుసుకుంటారు.

అన్నట్టు, పెన్సిలుతో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ను నొక్కితే అచ్చు ఇవతలికి దిగి మొహాలమీద గీతలు పడతాయి.