ప్రక్కప్రక్కనే నడిచిన వేళ

మా వివాహమై ఇరవై ఆరేళ్ళు. అందులో పద్దెనిమిదేళ్ళు మావారు కువైట్‌లోనే గడిపారు. తిరిగి వచ్చాక వీరులపాడులో ఒకే కప్పు క్రింద ఉన్నా, మా మాటలు పొలం, పిల్లల చదువులు దాటేవి కావు. అందుకే ఇద్దరమే ప్రయాణమయ్యాం. విజయవాడలో రైలెక్కి, విల్లుపురంలో మారి పుదుచ్చేరి చేరుకున్నాం.

1954 వరకు ఫ్రెంచివారు ఏలిన రేవుపట్టణమది. మన తెలుగు యానాం నేటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉంది. తిన్నని వీధులు, కాలువకు తూర్పున ఫ్రెంచివారి భవనాలు, ఒడ్డున 1836 నాటి దీపస్తంభం, దక్షిణాన ఖాజీ వీధి, ముల్లా వీధి ఉన్న ముస్లిం పేట. అన్నీ కాలినడకకు అందేవే. సాయంకాలం తీరపు దారిలో వాహనాలను ఆపివేస్తారు. మగ్రిబ్ నమాజు తర్వాత అక్కడికి వెళ్ళేవాళ్ళం.

ఊళ్ళో ఆయన ముందు, నేను నాలుగడుగులు వెనుక. అక్కడ ప్రక్కప్రక్కనే నడిచాం. తండ్రి మరణవార్త విని, జనాజాకు రాలేక కువైట్‌లో ఒంటరిగా గడిపిన రాత్రిని గురించి ఆయన మొదటిసారి చెప్పారు. నేను వింటూ నడిచాను.

దైవప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగుపందెం వేశారని హదీసు. అంతటి బాధ్యతల నడుమ ఆ మహనీయులకు దొరికిన తీరిక మనకెందుకు దొరకదు? పుదుచ్చేరి దాకా పోనక్కరలేదు. అస్ర్ తర్వాత మునేటి గట్టున అరగంట నడిచినా చాలు. అల్లాహ్ మన దాంపత్యాలలో ప్రేమను, కారుణ్యాన్ని నింపుగాక! ఆమీన్.