పాత యెజ్డీకి కొత్త సైలెన్సర్లు

యెజ్డీ 250 బండికి సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. ఇంజను టూస్ట్రోక్. కాలిన పొగ సిలిండరు ముందువైపు కుడి ఎడమల ఉన్న రెండు దారుల్లోంచి రెండు బెండు పైపుల్లోకి దిగి, బండికి ఇరుపక్కలా వెనక చక్రం దాకా సాగిన రెండు సైలెన్సర్ల గుండా బయటికి పోతుంది. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో మొదట జావా పేరుతోనూ, 1970ల నుంచి యెజ్డీ పేరుతోనూ తయారైన ఈ బండ్లు 1996లో ఫ్యాక్టరీ మూతపడడంతో ఆగిపోయాయి. 2022లో యెజ్డీ పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చినా, ఆ కొత్త బండిది నీటితో చల్లబడే ఫోర్‌స్ట్రోక్ ఇంజను. దాని సామాను పాతదానికి సరిపడదు. అందుకే పాత యెజ్డీ సైలెన్సరు పాడైతే చాలామందికి అందుబాటులో ఉండేది చిన్న చిన్న షెడ్లలో తయారయ్యే డూప్లికేట్ జతే. చూసి కొని, ఓపికగా బిగిస్తే ఆ జత బండికి బాగానే పనిచేస్తుంది.

సైలెన్సరు పాడవడం ఎక్కువగా లోపలి నుంచే మొదలవుతుంది. పెట్రోలు మండినప్పుడు పొగతోపాటు నీటి ఆవిరి పుడుతుంది. బండి దూరం నడిస్తే గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చే బండిలో అది చల్లబడి నీరై అడుగున నిలుస్తుంది. కొన్నాళ్లకు అక్కడ రేకు చిల్లులు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి బయటి నుంచి కూడా తినేస్తుంది. టూస్ట్రోక్ బండికి ఇంకో బెడద కూడా ఉంది. పెట్రోలులో కలిపిన ఆయిలు పూర్తిగా కాలక, జిడ్డు మసిగా మారి లోపలి బఫిల్ (మోత తగ్గించే రంధ్రాల గొట్టం) రంధ్రాలను పూడ్చేస్తుంది. అప్పుడు బండి లాగదు. ఇలాంటి సైలెన్సరుకు చిల్లులు లేకపోతే మార్చాల్సిన పనే లేదు, బఫిల్ బయటికి తీసి శుభ్రం చేస్తే చాలు. చిల్లులు పడిన పాత గొట్టానికి మళ్లీ క్రోమ్ ఎక్కించాలనుకునేవాళ్లూ ఉంటారు. పూత పైకే అంటుతుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

డూప్లికేట్ సైలెన్సర్లలో ధర తగ్గేది మూడు చోట్ల: రేకు మందం, క్రోమ్ పూత, లోపలి బఫిల్. మొదటి రెండింటి విషయంలో రాజీ పడవచ్చు. పలుచటి రేకు కొన్నేళ్లు ముందుగా పోతుంది, చప్పుడులో కాస్త రేకు మోత వినిపిస్తుంది. మంచి పూతలో క్రోమ్ కింద నికెల్ పొర ఉంటుంది, తుప్పును ఎక్కువగా ఆపేది ఆ నికెలే. చవక రకంలో ఆ పొర పేరుకే ఉంటుంది కాబట్టి రెండు వానాకాలాలు గడిచేసరికి చుక్కలు తేలతాయి. తుడిచి, నూనె గుడ్డతో రుద్దుతూ ఉంటే ఆ చుక్కలను కొంతకాలం వాయిదా వేయవచ్చు. బఫిల్ విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. టూస్ట్రోక్ ఇంజనుకు సైలెన్సరు చప్పుడు తగ్గించే డబ్బా మాత్రమే కాదు. పొగ దారి తెరుచుకోగానే గొట్టంలోకి దూసుకెళ్లిన ఒత్తిడి అల కొంత వెనక్కి తిరిగి వచ్చి, పొగతోపాటు జారిపోబోయే తాజా పెట్రోలు ఆవిరిని సిలిండరులోకి నెట్టాలి. గొట్టం పొడవు, లోపలి ఆకారం, బఫిల్ రంధ్రాలు అన్నీ ఆ అలను బట్టి కుదిర్చినవే. బఫిల్ లేని గొట్టంలో మోత పెరుగుతుంది, తక్కువ స్పీడులో లాగుడు తగ్గుతుంది, పెట్రోలు వృథాగా పోతుంది. మోతనే బలమనుకుని బఫిల్ పీకించుకునేవాళ్లు డబ్బిచ్చి ఇంజనును నీరసపరుచుకుంటున్నారు.

కాబట్టి హైదరాబాదు పుత్లీబౌలిలోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కౌంటరు మీద పెట్టిన జతను మెరుపు చూసి కొనకూడదు. రెండింటినీ చెరో చేతిలో పట్టుకుంటే బరువులో తేడా తెలుస్తుంది. తోక భాగం మర విప్పించి బఫిళ్లు బయటికి తీయించి పక్కపక్కన పెడితే పొడవు, రంధ్రాల వరస ఒకేలా ఉన్నదీ లేనిదీ బయటపడుతుంది. పాత బఫిల్ వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. రెండు సైలెన్సర్లూ ఒకే తీరున లేకపోతే పొగ తేలిక దారి వైపే ఎక్కువగా పోతుంది, ఒక పక్క మసి పేరుకుంటుంది. సైలెన్సరును ఫ్రేముకు పట్టే పట్టీ వెల్డింగు కూడా చూడాలి. చుట్టూ నిండుగా వేశారా, నాలుగు చుక్కలతో సరిపెట్టారా? చవక సైలెన్సరు మొదట విరిగేది అక్కడే.

పాతవి విప్పడంలోనే అసలు ప్రమాదం పొంచి ఉంది. బెండు పైపును సిలిండరుకు బిగించే రింగు నట్టు ఏళ్ల తరబడి వేడికి కాలి, మసి పట్టి మరలో కూరుకుపోయి ఉంటుంది. ఉలి పెట్టి సుత్తితో కొడితే నట్టు రెక్కలు విరుగుతాయి, ఒక్కోసారి సిలిండరు మర కూడా చెడుతుంది. ఆ మర బాగుచేయించే ఖర్చు ముందు సైలెన్సర్ల ధర ఏపాటి? ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె గానీ డీజిలు గానీ పోసి వదిలేయాలి. మర్నాడు కొక్కెం పానాతో, ముందు కొంచెం బిగించే వైపుకూ తరవాత విప్పే వైపుకూ కదిలించాలి. కదలకపోతే తడి అంతా తుడిచి, పెట్రోలు ట్యాంకు విప్పి దూరంగా పెట్టి, అప్పుడు మాత్రమే నట్టుకు వేడి చూపించాలి.

బిగింపులో పాటించాల్సింది వరస. ముందు సిలిండరు దారి అంచున పేరుకున్న మసిని గీకి తీస్తారు. ఆ పని చేసేటప్పుడు పిస్టన్ ఆ దారిని మూసి ఉండాలి, లేకపోతే పెళుసు మసి లోపలికి రాలి సిలిండరు గీసుకుంటుంది. తరవాత కొత్త ప్యాకింగు రింగు పెట్టి బెండు పైపు నట్టును చేత్తో తిరిగినంత వరకే తిప్పాలి. సైలెన్సరును పైపు మీదికి ఎక్కించి, క్లాంపు వదులుగా ఉంచి, వెనక పట్టీ బోల్టును కూడా వదులుగానే దూర్చాలి. అన్నీ వదులుగా ఉన్నప్పుడు గొట్టం ఎక్కడ కుదురుకుంటుందో చూడాలి. డూప్లికేట్ సామానులో పట్టీ రంధ్రం అరంగుళం అటూ ఇటూ ఉండడం మామూలే. అలాంటప్పుడు సైలెన్సరును బలవంతంగా లాగి బోల్టు బిగిస్తే ఆ లాగుడంతా వెల్డింగు మీద పడి, బండి వణుకుతో కలిసి కొన్ని నెలల్లోనే పట్టీని విరగ్గొడుతుంది. రంధ్రాన్ని ఆకురాయితో పొడవు చేయడమో, మధ్యలో వాషర్లు పేర్చడమో సరైన పద్ధతి. సైలెన్సరు మూతి పైపుకు వదులైతే మధ్యలో పలుచటి రేకు చుట్టి క్లాంపు బిగించాలి. తీగ చుట్టి, పైన లప్పం పూస్తే మొదటి వేడికే రాలిపోతుంది.

అన్నీ కుదిరాక ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి: రింగు నట్టు, క్లాంపు, చివరగా పట్టీ బోల్టు. యెజ్డీలో గేరు లీవరే కిక్కు రాడ్డు కూడా. ఎడమవైపు దాన్ని పూర్తిగా కిందిదాకా తొక్కి అది సైలెన్సరుకు తగలడం లేదని చూడాలి. కుడివైపు బ్రేకు పెడలుకూ, సెంటరు స్టాండుకూ ఇదే పరీక్ష. స్టార్టు చేసే ముందు క్రోమ్ మీది వేలిముద్రలు పొడిగుడ్డతో తుడిచేయాలి, లేకపోతే వేడికి మరకలుగా నిలిచిపోతాయి.

స్టార్టు చేశాక కొత్త గొట్టంలోని నూనె కాలి కాసేపు పొగ ఎక్కువగా వస్తుంది. తోకల వెనక జానెడు దూరంలో చేతులు పెడితే రెండు వైపులా పొగ తోపుడు సమానంగా తగలాలి. రింగు నట్టు దగ్గర చిటపట వినిపించినా, నాలుగు రోజులకు నల్లటి జిడ్డు కారినా అక్కడ లీకు ఉన్నట్టే. మొదటి ప్రయాణం తరవాత ఇంజను చల్లారనిచ్చి నట్లన్నీ మరోసారి బిగించాలి, కొత్త ప్యాకింగు వేడికి కాస్త అణుగుతుంది. వందకు పైగా కిలోమీటర్లు నడిచాక ప్లగ్గు విప్పి రంగు చూడాలి. ఇటుకపొడి రంగుంటే ఫర్వాలేదు. తెల్లగా పాలిపోతే ఇంజనుకు పెట్రోలు చాలడం లేదని అర్థం. అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటరులో ఒక సైజు పెద్ద జెట్ వేయించాలి.

సైలెన్సరు మార్చడంలో చట్టం మాట కూడా ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ప్రతి బండికీ మోతను తగ్గించే సైలెన్సరు ఉండి తీరాలంటుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తరవాత, మోత నిబంధన మీరితే మొదటిసారే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. పోలీసులు బఫిల్ లేని సైలెన్సర్లను విప్పించి రోడ్డు రోలరు కింద తొక్కించడం తెలుగు నగరాల్లోనూ జరిగింది. బఫిల్‌తో ఉండి మోత పెంచని డూప్లికేట్ జతకు ఆ భయం అక్కర్లేదు. క్యాటలిటిక్ కన్వర్టరు ఉన్న తరవాతి తరం బండ్ల సంగతి వేరు. వాటికి ఆ కన్వర్టరు లేని చవక సైలెన్సరు వేస్తే పొగ పరిమితి కూడా మీరినట్టే.

బిగించిన జత ఎన్నాళ్లు మన్నుతుందో వాడకాన్ని బట్టి ఉంటుంది. వారానికి ఒకసారైనా బండిని గొట్టం బాగా వేడెక్కేంత దూరం తోలాలి. వెల్డింగు అతుకుల మీద వేడికి తట్టుకునే రంగు పూస్తే తుప్పు ఆలస్యమవుతుంది. లాగుడు తగ్గినట్టనిపిస్తే బఫిళ్లు తీసి, ఆరుబయట మంటలో మసి కాల్చి, చల్లారాక తీగ బ్రష్షుతో రుద్ది, రంధ్రాలన్నీ తెరుచుకున్నాక తిరిగి బిగిస్తారు. తోక నట్టు మరకు అప్పుడు కాస్త గ్రీజు రాస్తే మళ్లీ విప్పేటప్పుడు పానాకు సులువుగా వస్తుంది.