ఆయిలు కొలత – ఇంజను ఆయువు

కర్మాగారంలో మెయింటెనెన్సు విభాగంలో పనిచేసిన వారికి నూనెతో ఉండే అనుబంధం వంటింటి ఇల్లాలికి ఉండే అనుబంధం కంటే తక్కువేమీ కాదు. గేర్‌బాక్సులో నూనె ఎంత ఉన్నదో చూడనిదే షిఫ్టు మొదలుపెట్టని తరం మాది. అయినా ఆ చూడటంలో ఎంత వివేకం ఇమిడి ఉన్నదో మాకు పూర్తిగా బోధపడింది మాత్రం ఒక పాత స్పోర్ట్స్ కారు వద్దనే.

మా విభాగానికి అధిపతిగా పనిచేసి విరమించిన పెద్దాయన వద్ద 1958 నాటి ఎం.జి.ఎ. కారు ఉండేది. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1955 నుంచి 1962 వరకు తయారైన రెండు సీట్ల కారది. నేలబారు శరీరం, పొడవైన బానెట్టు చూసి కాలనీ పిల్లలు దానిని ‘కప్ప కారు’ అనేవారు. కాని బానెట్టు ఎత్తితే మనకు బాగా పరిచయమైన ముఖమే కనిపిస్తుంది. మన ఆఫీసు అంబాసిడర్లను దశాబ్దాల పాటు నడిపించిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఈ కారు ఇంజను ఒకే వంశానివి. రెండూ బ్రిటన్‌కు చెందిన బి.ఎం.సి. వారి బి-సిరీస్ ఇంజన్లే. ఎం.జి.ఎ.కు రెండు ఎస్.యు. కార్బురేటర్లు అమర్చి వేగం పెంచారు. అందుకే ఆ కారు ముందు మేము ముగ్గురం ఏనాడూ కొత్తవాళ్ళం కాలేదు.

మూడేళ్ళ క్రితం పెద్దాయన కాలం చేశారు. కారు షెడ్డులోనే ఉండిపోయింది. మనుమడు సెలవులకు వస్తున్నాడని అమ్మగారు దానిని పట్నంలోని ఒక వర్క్‌షాపులో సర్వీసు చేయించారు. తిరిగి వచ్చిన వారానికే నీలి పొగ, వెనుక వైపు నూనె కారడం, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారడం మొదలయ్యాయి. ఇంజను మొత్తం విప్పాలని, లక్షలలో ఖర్చవుతుందని వర్క్‌షాపు వారు తేల్చి చెప్పారు. అంత సొమ్ము పోయడం కంటే వచ్చిన ధరకు అమ్మివేయడం మేలని అమ్మగారు నిశ్చయించుకున్నారు. కొనేవాడు కూడా సిద్ధమయ్యాడు. “ఆయన చేతి కింద పని నేర్చుకున్న వాళ్ళు. అమ్మే ముందు మీరొక్కసారి చూడండి నాయనా” అని మాకు కబురు పెట్టారు.

మేము ముందుగా కారును సమతలంగా ఉన్న గచ్చు మీదికి నెట్టి డిప్‌స్టిక్కు తీసి చూశాము. నూనె సరిగ్గా పై గీత దగ్గర ఉన్నది. పుల్ల ప్రకారం లోపమేమీ లేదు. లక్షణాలన్నీ మాత్రం నూనె ఎక్కువైన ఇంజనువే. పుల్లను నమ్మాలా, ఇంజనును నమ్మాలా? మేము ఇంజనునే నమ్మాము. సంపు ప్లగ్గు విప్పి, నూనె మొత్తం కొలత డబ్బాలోకి దింపాము. కారు పుస్తకంలో చెప్పిన పరిమాణం కంటే దాదాపు లీటరున్నర ఎక్కువ తేలింది.

తరువాత కొత్త ఫిల్టరు వేసి, పుస్తకం చెప్పిన కొలత ప్రకారం కొత్త నూనె పోశాము. ఫిల్టరు నిండేందుకు ఇంజనును కొద్దిసేపు తిప్పి, ఆపి, పావుగంట ఆగి పుల్లను చూశాము. నూనె కింది గీతను కూడా అందుకోలేదు. కాని ఆ గీతకు దిగువన, వేలి వెడల్పు దూరంలో, ఆకురాయితో చేసిన సన్నని గాటు ఒకటి కనిపించింది. నూనె సరిగ్గా ఆ గాటు దగ్గర నిలిచి ఉన్నది. ఆ పుల్ల ఆ ఇంజనుది కాదు. ఏనాడో అసలుది పోయి మరో ఇంజనుది, పొట్టిది, వచ్చి చేరింది. పెద్దాయన ఆ సంగతి కనిపెట్టి, కొలిచి, తన గుర్తు తాను పెట్టుకున్నారు. ఎవరికీ చెప్పవలసిన అవసరం ఆయనకు కలగలేదు. వర్క్‌షాపు వారు పై గీత చూసి నింపారు.

ఇంజను దించి, నూనెలో నానిన క్లచ్ ప్లేటు మార్చాము. ఇంజనును విప్పవలసిన పని పడలేదు. పొగ తగ్గింది. కొనేవాడికి అమ్మగారే స్వయంగా వద్దని చెప్పారు.

నూనె ఎక్కువైతే ఇంత అనర్థం ఎందుకని ఇంట్లోవాళ్ళు అడిగారు. చల్లకుండలో కవ్వం తిప్పితే ఏమవుతుందో సంపులోనూ అదే జరుగుతుంది. నూనె మట్టం పెరిగి క్రాంక్‌షాఫ్టును తాకితే అది నూనెను చిలికి నురుగు చేస్తుంది. నురుగులో గాలి ఉంటుంది కనుక బేరింగుల మధ్య నూనె పొర బలహీనపడుతుంది. పైగా ఆనాటి బి-సిరీస్ ఇంజను వెనుక భాగంలో ఈనాటి రబ్బరు సీలు లేదు. నూనెను వెనక్కు తిప్పిపంపే మరచుట్టు గాడి మాత్రమే ఉంటుంది. నూనె ఎక్కువైతే అది దాటి క్లచ్ మీదికి చేరుతుంది.

తక్కువైనా ముప్పే. స్పోర్ట్స్ కారు మలుపులలో, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు, సంపులోని నూనె ఒక పక్కకు ఒరిగిపోతుంది. మట్టం తక్కువగా ఉంటే పంపు నోటికి నూనె బదులు గాలి అందుతుంది. ఆయిల్ ప్రెషరు ముల్లు మలుపులో పడిపోతున్నదంటే కారును వెంటనే పక్కకు ఆపవలసిందే.

సోదర ఉద్యోగులలో పాత వాహనాలు ఉన్నవారు గమనించవలసిన పద్ధతి ఇది. బండిని సమతలమైన నేల మీద నిలపాలి. ఇంజను ఆపి, నూనె కిందికి దిగేందుకు పది నిమిషాలైనా ఆగాలి. పుల్లను పీచు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్ళీ తీసి చూడాలి. తక్కువగా ఉంటే ఒక్కసారిగా డబ్బా వంచకుండా పావు లీటరు చొప్పున పోసి, ఆగి, మళ్ళీ చూడాలి. పై గీతకు కొద్దిగా దిగువన ఉన్నా నష్టం లేదు. పై గీతను దాటరాదు. ఎస్.యు. కార్బురేటర్ల తలమీది డాంపర్లలో కూడా కొద్దిపాటి నూనె ఉండాలన్న మాట మరువరాదు.

అయితే ఈ పద్ధతి అన్ని కార్లకూ వర్తించదు. 1964 నుంచి 1998 వరకు వచ్చిన, గాలితో చల్లబడే పోర్షె 911 కార్లలో నూనె వేరే ట్యాంకులో ఉంటుంది. వాటిలో ఇంజను బాగా వేడెక్కి, నిదానంగా తిరుగుతూ ఉండగానే నూనె చూడాలి. ఇంజను ఆపి చూస్తే తక్కువగా కనిపిస్తుంది. అది నమ్మి పోస్తే పొంగిన నూనె ఎయిర్ ఫిల్టరులోకి చేరుతుంది. కనుక ఏ కారుకు ఆ కారు పుస్తకమే ప్రమాణం.

నూనె రకం విషయంలోనూ జాగ్రత్త కావాలి. మన ఎండలకు, పాత ఇంజన్లలోని ఖాళీలకు 20డబ్ల్యు-50 మినరల్ నూనె నప్పుతుంది. పాత ఇంజన్లలో క్యాము, ట్యాపెట్టు ఒకదానిపై ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి. వాటిని కాపాడేది నూనెలోని జింకు, భాస్వరం. కొత్త కార్ల కాటలిటిక్ కన్వర్టర్ల క్షేమం కోసం నేటి పలుచని నూనెలలో వీటి పాలు తగ్గించారు. ఖరీదైన కొత్త నూనె పాత ఇంజనుకు మేలు చేస్తుందన్న భరోసా లేదు.

పుల్ల మట్టాన్ని మాత్రమే చెప్పదు. నూనె పాలరంగుకు తిరిగితే నీరు కలిసిందని, బహుశా హెడ్ గాస్కెట్టు పోయిందని అనుమానించాలి. పెట్రోలు వాసన వేస్తూ మట్టం పెరుగుతుంటే కార్బురేటరు పొంగుతున్నదని గ్రహించాలి. ఇక దింపిన నూనెను కాలువలో పోయడం నేరంతో సమానం. దానిని డబ్బాలో పట్టి, శుద్ధిచేసే వారికి చేర్చాలి.

ఈ అనుభవం తరువాత మేము అమ్మగారి కారు పుస్తకంలో ఒక కాగితం అంటించాము. పుల్ల ఏది, గాటు ఎక్కడ, ఎంత పోయాలి అన్న మూడే వాక్యాలు దానిమీద రాశాము. మన ప్లాంటులోనూ ఇలాంటి గాట్లు ఎన్నో ఉన్నాయి. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ గేజి ఎంత తప్పు చూపుతుందో కొందరి చేతులకే తెలుసు. ఆ చేతులు విరమించేలోగా ఆ సంగతులు లాగ్‌బుక్కుకు ఎక్కాలి. అనుభవజ్ఞులు రాయాలి, పిన్నలు అడగాలి. యంత్రాలకూ మనుషులకూ క్షేమం అందులోనే ఉన్నది.