దరఖాస్తులో ఒక గడి

పై చదువులకు దరఖాస్తు నింపే విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, మార్కులు గబగబా రాసుకుంటూ పోతాడు. 'స్థానికులా? స్థానికేతరులా?' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి సొంత రాష్ట్రంలో చదివినవాడికి ఆలోచించే పని ఉండదు. పొరుగు రాష్ట్రంలో పుట్టి, అక్కడి తెలుగు బడిలో చదివినవాడి చెయ్యి మాత్రం అక్కడ ఆగుతుంది. ఆ గడి మాతృభాష ఏమిటని అడగదు. ఎక్కడ చదివావని అడుగుతుంది.

ఒడిశాలోని బరంపురంలో ఒక అమ్మాయికి ఈ అనుభవమే ఎదురైంది. ఆమె తండ్రి బట్టల కొట్టులో లెక్కలు రాస్తాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. బరంపురం ఒకప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఆ పట్టణం అందులో చేరింది. ఆ ఇంటివాళ్లు ఊరు మారలేదు, భాష మారలేదు. వారి చుట్టూ ఉన్న ఎల్లలు మారాయి. ఆమె తాత ఇప్పటికీ శ్రీకాకుళం వైపు పెళ్లికి వెళ్లేటప్పుడు "మన దేశం పోతున్నాం" అంటాడు.

ఆ అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. ప్లస్ టూలో ఇంగ్లీషు మాధ్యమం తప్పలేదు. చరిత్ర చదవాలని, అదీ తెలుగు వినిపించే చోట చదవాలని ఆమె కోరిక. మార్కులు బాగా వస్తే చాలు, దారి దానంతటదే దొరుకుతుందనుకుంది. తెలుగు మాస్టారు నిబంధనల కాగితం చదివి వినిపించాకే సంగతి తెలిసింది.

1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించింది. విద్యాసంస్థల్లో నూటికి 85 స్థానాలు ఆయా ప్రాంతాల స్థానికులకు కేటాయించింది. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివినవారు స్థానికులు. మిగిలిన 15 స్థానాలైనా అందరివీ కావు. చాలా కోర్సుల్లో వాటికి పోటీ పడాలంటే విద్యార్థి ఆ రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉండడమో, తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు నివసించి ఉండడమో కావాలి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు పాత పద్ధతిని పదేళ్ల దాకా కొనసాగించారు. ఆ గడువు 2024 జూన్‌తో తీరింది. అప్పటినుంచి ఏ రాష్ట్రంలో చేరాలనుకుంటే ఆ రాష్ట్రపు ఆ ఏటి ప్రకటనను వేరుగా చదువుకోవలసిందే.

"మాస్టారూ, మరి మనం తెలుగువాళ్లం కామా?" అంది ఆ అమ్మాయి.

"తెలుగువాళ్లమేనమ్మా. కాని ఆ లెక్క వేరు. చరిత్ర చదువుతానంటున్నావుగా, ఆ నిబంధన ఎందుకు వచ్చిందో ముందు అది చదువు" అన్నాడు ఆయన.

ఆమె చదివింది. తమ ప్రాంతపు ఉద్యోగాలు, చదువులు తమకు దక్కడం లేదని 1969లో తెలంగాణలో విద్యార్థులు ఉద్యమించారు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. చివరకు 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలు చేయడానికి రాజ్యాంగాన్ని సవరించి రెండు అధికరణాలు చేర్చారు. ఒకటి 371-డి. స్థానికులకు స్థానాలు కేటాయించిన ఉత్తర్వు దాని కిందనే వచ్చింది. రెండోది 371-ఇ. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొల్పడానికి అది వీలు కల్పించింది.

ఆ రెండో అధికరణం దగ్గర అమ్మాయి ఆగిపోయింది. కంచె వేసిన ఒప్పందమే దాని పక్కన ఒక తలుపు కూడా పెట్టింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట అబిడ్స్‌లో సరోజినీనాయుడు కుటుంబం నివసించిన గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో నడిచింది. తరువాత గచ్చిబౌలికి మారింది. అది కేంద్రానిది కనుక అక్కడ స్థానిక కోటా లేదు. దేశంలో ఎక్కడివారైనా పోటీ పడవచ్చు. అందువల్లనే పోటీ కూడా ఎక్కువ.

తలుపు ఉన్నదని తెలియడం వేరు, దాటడం వేరు. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ స్థాయి ప్రవేశాలకు దేశమంతటికీ ఒకే పరీక్ష, సీయూఈటీ, పెడుతున్నారు. ప్రశ్నపత్రం 13 భాషల్లో ఉంటుంది. వాటిలో తెలుగు ఒకటి. ఆ మాట వినగానే ఆమె సంతోషించింది. కాని ప్లస్ టూలో చరిత్ర ఇంగ్లీషులో చదివింది. అందుకని కొన్ని ప్రశ్నలను రెండు భాషల్లోనూ సాధించి చూసుకుంది. ఏ భాషలో తొందరగా, తప్పులు లేకుండా జవాబు తోస్తున్నదో గమనించి ఇంగ్లీషు ఎంచుకుంది. తప్పు జవాబుకు మార్కు కోసే పరీక్షలో అభిమానం ఒక్కటే సరిపోదని ఆమెకు అర్థమైంది.

తరువాత పత్రాల పని. వెనుకబడిన తరగతుల జాబితాను కేంద్రం రాష్ట్రాలవారీగా ప్రకటిస్తుంది. ఒక కులం ఆంధ్రప్రదేశ్ జాబితాలో ఉన్నంత మాత్రాన ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. శ్రీకాకుళంలోని బంధువుల పత్రం చూసి తమకూ అదే వర్తిస్తుందనుకున్న తండ్రి, తహసీల్దారు కార్యాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాక ఈ సంగతి తెలుసుకున్నాడు. చివరికి అమ్మాయి ఏ రిజర్వేషనూ లేకుండానే దరఖాస్తు చేసింది.

పరీక్ష రాసి ఇంటికి వచ్చాక అందరూ పని అయిపోయిందనుకున్నారు. అసలు చిక్కు అక్కడే ఉంది. పరీక్షకు దరఖాస్తు చేస్తే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసినట్లు కాదు. విశ్వవిద్యాలయంలో మళ్లీ విడిగా నమోదు చేసుకోవాలి. దానికి వేరే గడువు. గడువు ఇంకా రెండు రోజులున్నదనగా మాస్టారు ఫోను చేసి అడిగాడు కనుక సరిపోయింది. లేకపోతే ఏడాది శ్రమ వృథా అయ్యేది.

మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు. బరంపురంలోనే డిగ్రీలో చేరడానికి తండ్రి ఫీజు డబ్బు సిద్ధం చేశాడు. రెండో జాబితాలోనూ ఆమె పేరు లేదు. మూడో జాబితాలో వచ్చింది.

హాస్టల్లో ఆమె గదిలో ఒకరిది నల్లగొండ, మరొకరిది కేరళ. మొదటి రోజునే నల్లగొండ అమ్మాయి ఆమె మాట విని, "నీ తెలుగు వేరేగా ఉందే, ఏ ఊరు?" అని అడిగింది. బరంపురమంటే, "ఒడిశాలో తెలుగువాళ్లు ఉంటారా?" అని ఆశ్చర్యపోయింది. ఈమె నొచ్చుకోలేదు. 1936 సంగతి మొదలుకొని చెప్పుకొచ్చింది. దరఖాస్తులోని గడి అడగని ప్రశ్నను ఒక మనిషి అడిగినందుకు ఆమెకు సంతోషంగానే ఉంది.

దసరా సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఆమె తన పాత బడికి ఒక కాగితం రాసి ఇచ్చింది. మాస్టారు దాన్ని పదో తరగతి గది గోడకు అంటించాడు. అందులో నాలుగే వాక్యాలు ఉన్నాయి. 'చేరదలచిన విశ్వవిద్యాలయం రాష్ట్రానిదా, కేంద్రానిదా ముందు చూడండి. ఆ ఏటి నిబంధనలు మీరే చదవండి. పత్రాలు మీరున్న రాష్ట్రంలోనే, ఏడాది ముందే తీసుకోండి. పరీక్షతో పని అయిపోయిందనుకోకండి.'